మనోవ్యాధికి మందుంది

2025 ఉగాదినాడు మా హోసూరులో తెలుగువాళ్ళం చేరిన సభలో ఒక పెద్దాయన గంటసేపు మాట్లాడారు. పంచాంగ శ్రవణం అయింది, పచ్చడి పంచారు, పిల్లలు పద్యాలు అప్పజెప్పారు, ఆ తర్వాత ఆయన వంతు. పేరు రాయను. ఆయన చెడ్డవారు కారు. రిటైరైన మాస్టారు. సరిహద్దుకు ఇవతల తెలుగు బడుల కోసం కాళ్ళరిగేలా తిరిగిన మనిషి. ఆ రోజు ఆయన ఎంచుకున్న విషయం మనశ్శాంతి. "ఈ ఇంగ్లీషు మందులు ఎన్నాళ్ళు దొరుకుతాయో ఎవరు చూడొచ్చారు? కరోనాలో చూశాం కదా. రేపు యుద్ధమొస్తే ముడిసరుకు రాదు. మనసు జబ్బుకు బిళ్ళల మీద ఆధారపడినవాడు ఆనాడు ఏమైపోతాడు? అంచేత ఇప్పుడే మానేయండి. తెల్లవారుజామున లేవండి, ప్రాణాయామం చేయండి, ఉప్పు మానండి, సరస్వతీ ఆకు తినండి. ప్రకృతిని మించిన డాక్టరు లేడు" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. మూడో వరుసలో కూర్చున్న నేనూ కొట్టాను.

ఆ చప్పట్లను వెనక్కి తీసుకోవడానికే ఈ వ్యాసం.

జూన్ మొదటి వారంలో ఒకావిడ మా బ్యాంకుకు వచ్చింది. భర్త పోయాక ఫ్యామిలీ పింఛను మీద బతుకుతున్న మనిషి. ప్రతి నెలా వస్తుంది, నా బల్ల ముందు రెండు నిమిషాలు కూర్చుని యోగక్షేమాలు మాట్లాడి వెళ్తుంది. ఈసారి కూర్చోలేదు. ఆవిడ కొడుక్కి ఇరవై ఆరేళ్ళు. ఎవరో పిలుస్తున్నట్టు, తిడుతున్నట్టు చెవుల్లో వినిపించే జబ్బు. నాలుగేళ్ళుగా మందుల మీద కుదురుగా ఉండి, ఒక వర్క్‌షాపులో పనికి కూడా పోతున్నాడు. ఉగాది సభకు ఆవిడా వచ్చిందట. ఆహ్వాన పత్రిక వెనుక మాస్టారు చెప్పినవన్నీ రాసుకుందట. ఆ వారమే కొడుకు బిళ్ళలు ఆపేసింది.

"మొదట్లో బాగుండె సార్. మత్తు పోయి, పొద్దున్నే లేస్తా ఉండె, నాతో నవ్వుతా మాట్లాడతా ఉండె. దేవుడు కండ్లు తెరిచినాడు అనుకుంటి" అంది. ఆరో వారంలో ఆ గొంతులు తిరిగొచ్చాయి. ఒక రాత్రి బయటికి వెళ్ళిపోయాడు. రెండు రోజుల తర్వాత ఒంటి మీద దెబ్బలతో కృష్ణగిరి బస్టాండులో దొరికాడు. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు.

ఎందుకమ్మా ఆపారు, డాక్టరుని అడగక్కర్లేదా అన్నాను. ఆవిడ నన్ను తేరిపార చూసి, "మీరంతా చప్పట్లు కొడితిరి గదా సార్" అంది.

ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను. రాయండి సార్, ఇంకో ఇంట్లో ఇట్లా జరగకుండా ఉంటే చాలు అంది.

ఇక నా సంగతి. నేను రచయితను కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి, జమాఖర్చులు చూసుకుంటూ యాభై ఏడేళ్ళకు వచ్చినవాణ్ణి. ఇన్నాళ్ళూ ఈ పత్రికకు చందాదారుగానే ఉన్నాను. ఇంటివాళ్ళకూ ఒకరిద్దరు సహోద్యోగులకూ తప్ప ఎవరికీ తెలియని ఒక మాట ఇప్పుడు చెబుతున్నాను. నేను 1996 నుంచి లిథియం బిళ్ళలు మింగుతున్నాను. నా జబ్బును ఇప్పుడు బైపోలార్ అంటున్నారు, ఆ రోజుల్లో మేనిక్ డిప్రెషన్ అనేవారు. రిటైర్మెంటుకు మూడేళ్ళుండగా ఈ మాట అచ్చులో చెప్పడం తెలివైన పని కాదని నా శ్రేయోభిలాషులు అన్నారు. కాకపోవచ్చు. కానీ అంత తెలిసినవాణ్ణి మూడో వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాను, అదీ తెలివైన పని కాదు.

"మనోవ్యాధికి మందు లేదు" అని మనకొక సామెత ఉంది. "పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు" అని ఇంకొకటి. 1996లో మా ఇంట్లో ఈ రెండో సామెతను అమలు చేయబోయారు. అప్పుడు నేను బళ్ళారి జిల్లాలో ఒక పల్లె శాఖలో ఉన్నాను. వారం రోజులు నిద్ర లేకుండా, జిల్లాలోని రైతులందరి బాకీలూ తీర్చే పథకం ఒకటి రాసి రిజర్వు బ్యాంకు గవర్నరుకు టెలిగ్రాములిచ్చాను. నాయన వచ్చి, సంబంధం చూస్తే అన్నీ సర్దుకుంటాయన్నాడు. నన్ను కాపాడింది ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని మామూలు ఎం.బి.బి.ఎస్. డాక్టరు. జబ్బు పేరు గుర్తుపట్టి బెంగుళూరుకు చీటీ రాసిచ్చాడు. ఒక పల్లె డాక్టరుకు అది ఎలా తెలిసిందని ఆ తర్వాత చాలా ఏళ్ళకు ఆరా తీశాను. నిమ్హాన్స్‌వాళ్ళు 1980లలో బళ్ళారి జిల్లాలోనే ఆ ప్రయోగం చేశారు. పల్లె డాక్టర్లకూ ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చి, మనసు జబ్బులకు అక్కడే మందులిప్పించారు. ఆ నమూనా మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైంది. మన తెలుగువాళ్ళు లక్షల్లో ఉన్న బళ్ళారిలో, మనోవ్యాధికి మందుందని అప్పుడే రుజువు చేసి చూపించారు. మన సామెత మాత్రం మారలేదు.

మాస్టారు చెప్పినదాంట్లో ఒకటి మాత్రం పూర్తిగా నిజం. మందులు దొరకని రోజు వస్తుంది. వచ్చింది కూడా. అది వస్తే ఏం జరుగుతుందో ఊహించి చెప్పినవాళ్ళను చాలామందిని విన్నాను. నేను అనుభవించి చెబుతున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. నా డాక్టరు బెంగుళూరులో ఉంటారు, మా ఇంటికి నలభై కిలోమీటర్లు. ప్రతి నెలాఖరున వెళ్ళి నెలకు సరిపడా బిళ్ళలు తెచ్చుకునే అలవాటు. ఆ రోజు పొద్దున నా డబ్బాలో 21 బిళ్ళలున్నాయి. రోజుకు మూడు చొప్పున వారం రోజులకు సరి. జూజువాడి దగ్గర చెక్‌పోస్టు మూసేశారు. అటు అత్తిబెలె కర్ణాటక, ఇటు మేము తమిళనాడు. నిమ్హాన్స్ ఉన్న రోడ్డు పేరే హోసూరు రోడ్డు. ఆ రోడ్డు మీద హోసూరువాడు పోవడానికి లేదు.

డాక్టరు ఫోనులో చీటీ రాసి పంపారు. ఫోను ద్వారా వైద్యం చేయవచ్చని కేంద్రం మార్గదర్శకాలిచ్చింది కూడా సరిగ్గా మార్చి 25నే. మా ఊరి మందుల షాపువాడికి ఆ కబురు అందలేదు. "ఒరిజినల్ చీటీ కొండువాంగ సార్" అన్నాడు. అయినా చీటీ ఒప్పుకున్నా లాభం లేకపోయేది. నాలుగు షాపుల్లో లిథియం లేదు. ఎవరూ అడగరు, తెచ్చిపెడితే తేదీ దాటి పారేయాలి అన్నారు. బ్యాంకువాడిగా నాకది అర్థమైంది. చవక సరుకు, అమ్మకం తక్కువ, లాభం ఇంకా తక్కువ. ఎవరు నిలవ పెడతారు?

డాక్టరు లెక్క వేసి చెప్పారు: ఠక్కున ఆపవద్దు, ఉన్నవాటినే సాగదీద్దాం. ఆరు రోజులు రెండేసి, తర్వాత తొమ్మిది రోజులు ఒక్కొక్కటి. ఏప్రిల్ 8 దాకా వచ్చాయి. ఈ లెక్క నా తెలివి కాదు, నా జబ్బు తెలిసిన డాక్టరు వేసింది. దీన్ని చూసి ఇంకొకరు ఇంకొక మందుకు వేసుకోకూడదు. లిథియంను రెండు వారాల లోపు ఆపేస్తే, మెల్లగా తగ్గించినప్పటికంటే జబ్బు త్వరగా తిరగబెడుతుందని 1990లలోనే తేలింది. కొన్ని రకాల నిద్రబిళ్ళలు, ఆందోళన తగ్గించే బిళ్ళలు చాలాకాలం వాడి ఒక్కసారిగా మానితే ఫిట్లు వస్తాయి. క్లోజపిన్ అనే మందు రెండు రోజులకు మించి ఆగితే మళ్ళీ పాత మోతాదుతో మొదలుపెట్టకూడదు, చిన్న మోతాదు నుంచి ఎక్కాలి. ఒక్కొక్క మందుకు ఒక్కొక్క నియమం ఉంది. "ఇంగ్లీషు మందులు" అని అన్నింటినీ ఒక గాటన కట్టి మానేయమనడం, ఖాతాలన్నీ ఒకటేనని చెప్పి అందరి డబ్బూ ఒకే సంచిలో పోయడం లాంటిది.

ఇక ప్రకృతి సంగతి. ఆ రోజుల్లో మేము చేసినవన్నీ సహజమైనవే. మా ఆవిడ ఒక లెక్కల పుస్తకం తెరిచింది. రాత్రి ఎన్నింటికి పడుకున్నాను, ఎన్నింటికి లేచాను, ఎన్నిసార్లు తిన్నాను అని రోజూ రాసేది. పదింటికి దీపాలు ఆర్పేసేది. టీవీ వార్తలు లేవు, మధ్యాహ్నం తర్వాత కాఫీ లేదు. పొద్దున మిద్దె మీద ముప్పావు గంట నడక. భోజనం గడియారం చూసుకుని. చెక్కుబుక్కూ ఏటీఎం కార్డూ నేనే ఆవిడ చేతికిచ్చి, నేను అడిగినా ఇవ్వవద్దన్నాను. బ్యాంకులు మూయలేదు కాబట్టి రోజూ శాఖకు పోయేవాణ్ణి, కానీ సంతకం పెద్దదైతే మేనేజరు గారికి పంపించేవాణ్ణి. ఆయనకు మాత్రం విషయం చెప్పుకున్నాను. ఇదేమీ నా కల్పన కాదు. పిట్స్‌బర్గ్‌లో ఎలెన్ ఫ్రాంక్ అనే ఆవిడ, నిద్ర, తిండి, పని, నలుగురితో మాటలు ఇవన్నీ రోజూ ఒకే వేళకు జరిగేట్టు చూసుకోవడమే ఒక చికిత్సగా తీర్చిదిద్దారు. అయితే ఆవిడ దాన్ని మందుకు తోడుగా పెట్టారు, మందుకు బదులుగా కాదు.

ఆ పుస్తకం ఇప్పటికీ ఇంట్లో ఉంది. ఏప్రిల్ 8 దాకా నిద్ర ఏడు గంటలు, ఆరున్నర, ఏడు. బిళ్ళలు పూర్తిగా అయిపోయాక తొమ్మిదిన ఆరు. పదిన అయిదు. పదకొండున అయిదు. పన్నెండున మూడున్నర. ఆ రాత్రి నాకో మహత్తరమైన ఆలోచన వచ్చింది. బళ్ళారి, బరంపురం, షోలాపురం, యానాం, హోసూరు కలిపి బయటి తెలుగువాళ్ళకు ఒక దినపత్రిక. దానికి పెట్టుబడి మా ఇంటి పక్కనున్న స్థలం. రాత్రి రెండున్నరకు లేచి ముగ్గురు మిత్రులకు ఫోన్ చేశాను. (వాళ్ళలో ఒకరు ఈ పత్రిక చదువరే. ఆయన ఎంతో ఓపికగా, బాగుందన్నా, పొద్దున మాట్లాడదామా అన్నారు. ఈ రోజు వరకూ ఆ మాట ఎత్తలేదు.) పధ్నాలుగున నిద్ర రెండు గంటలు. పదిహేనున మా శాఖ క్లర్కు, అనేకల్ నుంచి బ్యాంకు గుర్తింపు కార్డు చూపించి రోజూ వచ్చే కుర్రవాడు, బెంగుళూరు నుంచి బిళ్ళలు తెప్పించి ఇచ్చాడు. డాక్టరు చెప్పినట్టు మళ్ళీ మొదలుపెట్టాను. కుదుటపడటానికి మూడు వారాలు పట్టింది. లిథియం అడిగిన వెంటనే పని చేసే మందు కాదు.

ఆ లెక్కల పుస్తకం చెప్పింది ఇది: క్రమం తప్పని నిద్రా, నడకా, ఇంటివాళ్ళ కాపలా నాకు వ్యవధి కొనిపెట్టాయి. అవి లేకపోతే ఆ స్థలం అమ్ముడుపోయేది, బహుశా ఉద్యోగమూ పోయేది. కానీ అవి మందు పని చేయలేదు. ఆరు రోజుల్లో ఏడు గంటల నిద్ర రెండు గంటలకు దిగింది, దీపాలు పదింటికే ఆర్పుతున్నా సరే. ఆ పెద్దాయన చూడని భాగం ఇంకొకటుంది. ఆవిడ కొడుకు మొదటి వారాల్లో బాగున్నాడు. మందు ఆపగానే మత్తు, నోరు ఎండటం, వణుకు తగ్గుతాయి. జబ్బు మాత్రం వారాలో నెలలో ఆగి వస్తుంది. ఆ మధ్యకాలంలో తిన్న సరస్వతీ ఆకుకు పేరొస్తుంది. అప్పు తీసుకున్న మొదటి నెల అందరూ శ్రీమంతులే.

ఉప్పు మానండి అన్నారే, దాని గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 2012లో నేను మానాను. మన తెలుగు ఇళ్ళల్లో ఉప్పులేని వంటల పుస్తకాలు ఇంటికొకటి ఉన్న రోజులవి. మే నెల, విపరీతమైన చెమట, పైగా చప్పిడి కూడు. ఒంట్లో ఉప్పు తగ్గితే మూత్రపిండాలు దానితోపాటు లిథియంను కూడా బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. మూడో వారానికి చేతులు వణికి సంతకం పోలలేదు. నా సంతకం నా బ్యాంకులోనే చెల్లలేదు! అడుగులు తడబడ్డాయి, వాంతులు. రక్తంలో లిథియం మామూలుగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండాల్సింది 1.8 ఉంది. రెండు రోజులు సెలైను ఎక్కించారు. నన్ను పడేసింది బిళ్ళ కాదు, ప్రకృతి సలహా. బి.పి. ఉన్నవాడికి ఆ సలహా మంచిదే కావచ్చు. నాకది విషమైంది.

అసలు సహజం అంటే ఏమిటి? లిథియం ఏ కంపెనీవాడూ పుట్టించింది కాదు. అదొక మూలకం, రాళ్ళలో ఉంటుంది, ఊటనీళ్ళలో ఉంటుంది. జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు 1949లో దాని గుణాన్ని లోకానికి చెప్పాడు. ఉప్పులాంటి వస్తువు మీద పేటెంటు ఏముంటుంది, అందుకే దాని మీద ఎవరికీ పెద్ద లాభం లేదు. మరోవైపు మన సర్పగంధిని తీసుకోండి. మన నాటు వైద్యులు పిచ్చికి వాడిన వేరు అది. 1931లో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దాని గురించి వ్యాసం రాశారు. 1952లో స్విస్ శాస్త్రవేత్తలు దాన్నుంచి రెసర్పిన్ తీశారు. ఆ దశాబ్దంలో అమెరికా పిచ్చాసుపత్రులదాకా వెళ్ళింది. తర్వాత రక్తపోటు మరీ దించుతుందని, మనిషిని దిగులులోకి తోస్తుందని తెలిసి, మేలైన మందులు వచ్చాక పక్కన పెట్టారు. వేరైనా, రాయైనా ఒంట్లో పని చేస్తే అది మందే. మందైతే దానికి మోతాదు ఉంటుంది, చెడుపు ఉంటుంది. చెడుపు లేదని ఎవరైనా చెబితే పని కూడా లేదని అర్థం.

యోగాను, నడకను, మాటలతో చేసే చికిత్సను నేను తీసిపారేయడం లేదు. తేలికపాటి దిగులుకు, ఆందోళనకు బిళ్ళ అవసరమే లేకపోవచ్చు. ఆ సంగతి డాక్టర్లే చెబుతారు. నా అభ్యంతరం వేరు. "మందు దొరకదు కాబట్టి మానేయండి" అనేవాడు, దొరికేట్టు చూడాల్సినవాణ్ణి వదిలేస్తున్నాడు.

2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో 18వ సెక్షన్ చదివాను, బ్యాంకు సర్క్యులర్లు చదివి చదివి అలవాటైన కంటితో. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవన్నీ, మానసిక రోగులకు, ఎల్లవేళలా, ఉచితంగా, కమ్యూనిటీ ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై ప్రభుత్వాసుపత్రులన్నిటిలో ఉండాలి. లిథియం మన జాతీయ జాబితాలో ఉంది. ఈ జూన్‌లో ఒక ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి అడిగాను. ఇండెంటు పెట్టాం, రాలేదు అన్నారు. ఎప్పుడు పెట్టారన్నాను. రిజిస్టరు చూపించలేదు. రాతపూర్వకంగా అడిగాను, జవాబు కోసం చూస్తున్నాను. బ్రిటన్‌లో 2020లో ప్రియాడెల్ అనే లిథియం బిళ్ళను ఆపేస్తామని తయారీదారు ప్రకటిస్తే డాక్టర్లు, రోగులు గొడవ చేశారు, పోటీ నియంత్రణ సంస్థ విచారణకు దిగింది, కంపెనీ వెనక్కి తగ్గింది. వాళ్ళెవరూ లేచి ప్రాణాయామం చేద్దాం అనలేదు. తెలుగు పాఠ్యపుస్తకాలు రాకపోతే మనం కలెక్టరాఫీసు ముందు కూర్చున్నవాళ్ళమే, మాస్టారే ముందు కూర్చున్నారు. బిళ్ళల కోసం ఎందుకు కూర్చోకూడదు?

ఇంట్లో చేయదగినవి కొన్ని మనకు ముఖ్యం, ఎందుకంటే మనలో చాలామందిమి ఒక రాష్ట్రంలో ఉండి ఇంకో రాష్ట్రంలో వైద్యం చేయించుకునేవాళ్ళం. సరిహద్దుకు మనవైపు కూడా ఒక డాక్టరుకు మన కేసు తెలిసి ఉండాలి. బ్యాంకు కూడా ఉన్న డబ్బంతా అప్పులివ్వదు, కొంత నిల్వ పెట్టే తీరాలి. అలాగే డాక్టరుని అడిగి ఒక నెల మందు ముందుగా ఉంచుకోవాలి. తేదీలు చూసుకుంటూ పాతది ముందు వాడి, తాళం పెట్టి ఇంటివాళ్ళ దగ్గర ఉంచాలి. మంచి రోజుల్లో కాదు, దిగులు రోజుల్లో ఆ డబ్బా ప్రమాదం. కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరూ మోతాదూ తెలుగులో రాసి పెట్టుకోవాలి. జబ్బు వచ్చే ముందు కనిపించే గుర్తులు ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి. నాకైతే నిద్ర తగ్గడం, ఫోన్లు పెరగడం. ప్రాణం తీసుకోవాలన్న మాట నోట వస్తే మాత్రం ఈ ఏర్పాట్లేవీ చాలవు, ఆ క్షణమే ఆసుపత్రి. 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. టెలిమానస్ పేరుతో 2022 అక్టోబరు నుంచి కేంద్రం నడుపుతోంది, తెలుగులో మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. ఇది చిన్న విషయం కాదు. నేను ఆఫీసులో ఇంగ్లీషు, బజారులో తమిళం, డాక్టరు దగ్గర కన్నడం మాట్లాడతాను. 2020 ఏప్రిల్‌లో ఆ రాత్రులు నాకు మిగిలింది తెలుగు ఒక్కటే.

మాస్టారికి ఈ వ్యాసం అచ్చుకు ముందే పంపాను. ఫోన్ చేశారు. "నాకు తెలీదప్పా, నీకు ఇట్లా ఉందని" అన్నారు. నాకు ఉందని కాదు సార్, ఆ పిల్లవాడు ఆసుపత్రిలో ఉన్నాడు అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏ వార్డని అడిగారు. వచ్చే నెల సభలో నాకు పది నిమిషాలు ఇప్పిస్తానన్నారు.

ఆ పిల్లవాడికి మళ్ళీ మందు మొదలైంది. వాళ్ళమ్మను కిందటి వారం చూశాను. ఈసారి కూర్చుంది.

ఇది చదివిన వాళ్ళలో నాలాంటివాళ్ళు ఉంటే, ఉంటారని నాకు తెలుసు, మా శాఖకు రండి. మధ్యాహ్నం మూడు తర్వాత కౌంటర్ల దగ్గర రద్దీ తగ్గుతుంది.